గజాలీ ఇమామ్ పాఠం ఆపిన రోజు

మొన్న జుమా నమాజు ముగిశాక, మస్జిద్ మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఉండగా మా వీధి కుర్రవాడొకడు మమ్మల్ని ఆపాడు. ఇంజనీరింగ్ చదివాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఐదు పూటలా నమాజు తప్పనివాడు కనుక అతని మాటను తేలిగ్గా తీసిపారేయడానికి లేదు.

"హజ్రత్, ఏమీ అనుకోవద్దు. ఖుర్ఆన్ తెలుగులో దొరుకుతోంది. హదీసులు ఫోన్లోనే ఉన్నాయి. అల్లాహ్ మనకు మెడనరం కన్నా దగ్గరగా ఉన్నాడని ఇందాక బయాన్‌లో మీరే చెప్పారు. మరి ఆయనకూ నాకూ మధ్య మౌల్వీసాబులు ఎందుకు?"

"వచ్చే జుమాకు మాట్లాడుకుందాం బేటా" అని తప్పించుకున్నాం. జవాబు తెలియక కాదు. ధర్మవేత్తలు ప్రవక్తల వారసులన్న హదీసు మాకు కంఠతా వచ్చు. తెలియని సంగతి తెలిసినవారిని అడగమన్న దివ్యఖుర్ఆన్ ఆదేశమూ తెలుసు. ఆ రెండూ వినిపించి పంపేయవచ్చు. ముప్ఫై ఏళ్ళుగా మదరసాలో పాఠం చెబుతున్నవాళ్ళం, ఆ మాత్రం రాదా? కానీ ఆ రోజు నోరు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ముందు ఒక పాత బాకీ సంగతి చెప్పాలి.

అప్పటికి మేము మదరసా నుంచి ఫారిగ్ అయి మూడు నాలుగేళ్ళు. రమజాను నెలలో తరావీహ్ చదివించడానికి మమ్మల్ని పల్నాడులోని ఒక పల్లెకు పంపారు. ఊళ్ళో ఇరవై ముప్ఫై ముస్లిం ఇళ్ళు, చాలావరకు నూర్‌బాషాలు. దూది ఏకే పని ఏనాడో పోయింది. కొందరు పరుపులు కుట్టేవారు, ఎక్కువమంది మిరప చేలల్లో కూలికి వెళ్ళేవారు. ఇంట్లో మాట తెలుగే. ఉర్దూ రానందుకు తాము ఒక మెట్టు కిందనున్న ముస్లింలమేమోనన్న బెరుకు వాళ్ళ మాటల్లో వినిపించేది. మేము వాళ్ళతో తెలుగులో మాట్లాడినా, వాళ్ళు మాత్రం తమకు వచ్చిన నాలుగు ఉర్దూ ముక్కలు వెతుక్కుని మరీ జవాబిచ్చేవారు.

ఒక సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక డెబ్బై ఏళ్ళ అవ్వ ఒకావిడ మస్జిద్ అరుగు పక్కకు వచ్చి నిలబడింది. "మౌల్సాబయ్యా, నాకు అల్‌హమ్దు సగమే వచ్చు. మిగతాదానికి నోరు తిరగదు. ఆడికొచ్చాక అల్లా అల్లా అనుకుంటా వంగుతా, లేస్తా. మొన్న పట్నం నించి వచ్చినాయన నీది నమాజే కాదన్నాడు. పెళ్ళయిన కాణ్ణించి చేస్తన్నా. అదంతా పోయినట్టేనా అయ్యా?" అని అడిగింది.

మేము మసలా చెప్పాం. ఫాతిహా సూరా చదవడం మన హనఫీ మజ్‌హబ్‌లో వాజిబ్ అన్నాం, షాఫయీల దగ్గర ఫర్జ్ అన్నాం. నేర్చుకోవడం బాధ్యత, నేర్చుకునే ప్రయత్నం మానితే గునాహ్ అన్నాం. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. ఏ ముఫ్తీసాబు ముందు పెట్టినా మా జవాబుకు పూర్తి మార్కులు పడేవి. అవ్వ "అట్లాగా" అంది. కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

కుర్రవాడు మౌల్వీ వద్దంటున్నాడు. అవ్వ మౌల్వీ మాటే అల్లాహ్ తీర్పు అనుకుంది. ఈ ఇద్దరికీ మధ్య ఆలిమ్ అనేవాడు ఎక్కడ నిలబడాలి? ఈ ప్రశ్నను తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఒక మహా పండితుడు పుస్తకంలో కాక తన ఒంటి మీదే అనుభవించారు. ఆయన ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మలై).

బాగ్దాద్‌లో ఒక రజబ్ నెల

గజాలీ 1058లో ఖురాసాన్‌లోని తూస్ పట్టణంలో పుట్టారు. తండ్రి పేదవాడు. చనిపోతూ ఇద్దరు కొడుకులను ఒక సూఫీ స్నేహితుడికి అప్పగించాడు. చేతిలో పెట్టిన నాలుగు డబ్బులూ అయిపోయాక ఆ స్నేహితుడు, 'నాయనలారా, మదరసాలో చేరండి, అన్నం దొరుకుతుంది' అన్నాడట. తాము అల్లాహ్ కోసం కాక వేరే దాని కోసమే విద్యలో చేరామనీ, అయితే విద్య మాత్రం అల్లాహ్ కోసం తప్ప మరి దేనికీ ఒప్పుకోలేదనీ గజాలీ తర్వాత చెప్పుకున్నట్లు చరిత్రకారులు రాశారు. రెండు పూటలా భోజనం ఉంటుందని మదరసా గడప తొక్కినవాళ్ళు మా తరంలోనూ తక్కువమంది కాదు. అందుకే ఈ ముచ్చట మాకు దగ్గరగా తోస్తుంది.

నీషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ దగ్గర చదివి, వాదనలో ఎదురులేనివాడని పేరు తెచ్చుకున్నారు. 1091లో సెల్జూక్ వజీరు నిజాముల్ ముల్క్ ఆయనను బాగ్దాద్ నిజామియా మదరసాకు ప్రధానాచార్యునిగా పంపాడు. (పేరు చూసి మన హైదరాబాద్ జామియా నిజామియా అనుకోవద్దు, దాని ముచ్చట తర్వాత వస్తుంది.) అప్పటికి గజాలీ వయసు ముప్ఫై మూడు. మూడు వందల మంది విద్యార్థులు. ఖలీఫా దర్బారులో గౌరవం. ఒక ఆలిమ్ ఈ లోకంలో ఎక్కగలిగిన చివరి మెట్టు అది.

ఆ మెట్టు మీద ఉండగా ఆయన తనను తాను ఒక ప్రశ్న వేసుకున్నారు. ఈ పాఠాలు ఎవరి కోసం చెబుతున్నాను? వెతికి చూసుకుంటే లోపల దొరికిన జవాబు పేరు, ప్రతిష్ఠ. తన ఆత్మకథ 'అల్ మున్‌ఖిజ్ మినద్దలాల్'లో ఈ సంగతిని ఏ దాపరికమూ లేకుండా రాశారు. నరకపు అంచున ఉన్న ఇసుక గట్టు మీద నిలబడినట్టు అనిపించిందట. ఉదయం బాగ్దాద్ విడిచిపోవాలనుకునేవారు, సాయంత్రానికి ఆ నిశ్చయం చెదిరిపోయేది. 1095 రజబ్ నెలలో మొదలైన ఈ పెనుగులాట ఆరు నెలలకు దగ్గరగా సాగింది. చివరికి ఆయన నాలుక ఆగిపోయింది. విద్యార్థులను సంతోషపెట్టడానికైనా ఒక్క రోజు పాఠం చెప్పాలని ప్రయత్నిస్తే ఒక్క మాట బయటకు రాలేదు. ఆ దుఃఖం కడుపులోకి దిగి, గుక్కెడు నీళ్ళు, ముద్ద అన్నం కూడా మింగుడుపడని స్థితి వచ్చింది. వైద్యులు చూసి, ఇది మనసులో పుట్టి ఒంట్లోకి దిగిన జబ్బు, మందుకు లొంగదని చేతులెత్తేశారు.

పాఠం చెప్పుకు బతికేవాడికి ఈ పుటలు చదివేటప్పుడు గుండె జల్లుమంటుంది. మేమైతే మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి పక్కన పెట్టేశాం.

ఆ ఏడాది చివర్లో గజాలీ హజ్‌కు వెళుతున్నానని పైకి చెప్పి, పిల్లలకు కావలసినంత ఉంచి మిగిలిన సొమ్ము పంచిపెట్టి, బాగ్దాద్ దాటారు. దమిష్క్ పెద్ద మస్జిద్ మీనార్ ఎక్కి తలుపు వేసుకుని పగలంతా జిక్ర్‌లో గడిపేవారు. అక్కడి నుంచి బైతుల్ మఖ్దిస్, ఆ తర్వాత హజ్రత్ ఇబ్రాహీం (అ) సమాధి ఉన్న అల్ ఖలీల్. అక్కడ మూడు ప్రతిజ్ఞలు చేశారు. పాలకుని సొమ్ము ముట్టను, పాలకుని దర్బారుకు వెళ్ళను, ఎవరితోనూ వాదనకు దిగను.

ఇక్కడితో కథ ఆపితే మన కుర్రవాడి పక్షాన తీర్పు వచ్చినట్టే. అంత పెద్ద ఆలిమ్ కూడా పుస్తకాలు మూసి జిక్ర్ చేసుకున్నాడు కదా అనవచ్చు. కానీ కథ అక్కడ ఆగలేదు. ఆ ఏకాంతపు ఏళ్ళలోనే ఆయన 'ఇహ్యాయే ఉలూముద్దీన్' రాశారు. నలభై ప్రకరణాల ఆ మహాగ్రంథంలో నమాజు, జకాతు, నికాహ్, వ్యాపారం అన్నింటికీ ధర్మశాస్త్ర నియమాలు ముందు చెప్పి, వాటి లోపలి మర్మం తర్వాత చెప్పారు. మొదటి ప్రకరణమే విద్య గురించి. ఎన్నో పట్టణాల్లో ముస్లిం వైద్యుడు ఒక్కడూ ఉండడు, అయినా వైద్యం నేర్చుకోవడానికి ఎవరూ రారు, అందరూ ఫిఖహ్ వాదప్రతివాదాల మీదే పడుతున్నారని అందులో వాపోయారు. కారణమూ ఆయనే చెప్పారు. వైద్యం నేర్చితే వక్ఫ్ ఆస్తుల పెత్తనం రాదు, అనాథల సొమ్ము చేతికి రాదు, ఖాజీ పదవి రాదు. ఇంత చురక అంటించాక కొందరు ధర్మవేత్తలకు కోపం రాకుండా ఉంటుందా? 1109లో, గజాలీ బతికి ఉండగానే, స్పెయిన్‌లోని ఖుర్తుబాలో 'ఇహ్యా' ప్రతులను తగలబెట్టారు.

ఇంకొక మాట. అరబీ రాని సామాన్యుల కోసం అదే సారాన్ని ఫార్సీలో 'కీమియాయే సఆదత్' పేరుతో మళ్ళీ రాశారు. ఆ రోజుల్లో అరబీలో రాయనిది విద్యే కాదనుకునే పండితులు ఉన్నారు. గజాలీ పట్టించుకోలేదు. దాని ఉర్దూ అనువాదం మా నాన్నగారి ట్రంకు పెట్టెలో ఉండేది. తెలుగువాళ్ళకు తెలుగులో దీన్ చెబితే ఏదో తగ్గిపోతుందనుకునే మా తోటి మౌల్వీలకు ఈ సంగతి గుర్తు చేస్తుంటాం.

1106లో ఆయన మళ్ళీ నీషాపూర్‌లో పాఠం చెప్పడానికి కూర్చున్నారు. చూడడానికి ఇది వెనక్కి రావడంలా ఉంటుంది కానీ కాదని ఆయనే రాసుకున్నారు. అప్పుడు హోదా సంపాదించిపెట్టే విద్య చెప్పాను, ఇప్పుడు హోదాను వదిలించే విద్య చెబుతున్నాను అన్నది ఆయన మాటల సారాంశం. ఫిఖహ్ మూలసూత్రాల మీద 'అల్ ముస్తస్ఫా' అనే ప్రామాణిక గ్రంథం ఈ చివరి సంవత్సరాల్లోనే రాశారు. 1111లో సొంత ఊరు తూస్‌లో కన్నుమూశారు. జిక్ర్ చేసిన మీనార్ ఆయనకు ఫిఖహ్ అక్కర్లేదని చెప్పలేదు.

రెండు సాకులు

ఆ ఆత్మకథ చివర్లో గజాలీ తన కాలపు ముస్లింలలో ఈమాన్ ఎందుకు బలహీనపడిందో తాను వాకబు చేసి తెలుసుకున్న సంగతులు రాశారు. అందులో రెండు సాకులు నిన్న మన మస్జిద్ అరుగు మీద విన్నట్టే ఉంటాయి. ఒకాయన అంటాడు, ఇదంతా నిజమైతే ముందు ఆలిములే ఆచరించేవారు కదా, ఫలానా ఆలిమ్ నమాజే చేయడు, ఫలానా ఆలిమ్ వక్ఫ్ సొమ్ము తింటాడు, ఫలానా వాడు అనాథల సొమ్ము మింగాడు అని. ఇంకొకాయన అంటాడు, నేను తసవ్వుఫ్‌లో చాలా దూరం వచ్చేశాను, ఇక ఈ రుకూ సజ్దాలు నాకు అక్కర్లేదు అని.

మొదటివాడికి ఆయన ఇచ్చిన జవాబు ఇది. ఆ ఆలిమ్‌కు అది హరామ్ అని తెలుసు. నీకు అబద్ధం చెప్పడం, చాడీలు చెప్పడం హరామ్ అని తెలిసీ చెప్పడం లేదూ? నీ కోరిక నిన్ను లాగినట్టే అతని కోరిక అతన్ని లాగింది. వైద్యుడు పథ్యం తప్పితే పథ్యం అబద్ధమైపోతుందా? మౌల్వీల తప్పులు లెక్కపెట్టి తమ నమాజుకు సెలవు ఇచ్చుకునేవాళ్ళు ఈ మాట కాస్త ఆలోచించాలి. అలాగని మేము దీని చాటున దాక్కోకూడదు. తెలిసి చేసినవాడి మీద హుజ్జత్ ఎక్కువ అని కూడా ఆయనే అన్నారు. మా పాపం మాదే.

రెండో సాకు గజాలీ కంటే ముందే హజ్రత్ జునైద్ బాగ్దాదీ (రహ్మలై) దగ్గరికి వచ్చింది. జునైద్ 910లో మరణించారు. సూఫీలందరికీ పెద్ద దిక్కు. అంతకన్నా ముందు ఆయన ఫఖీహ్. ఇరవై ఏళ్ళ వయసుకే ఫత్వా చెప్పగలిగినవాడు. మేము చేరాల్సిన చోటికి చేరాం, ఇక ఆచరణలు అక్కర్లేదు అనేవారి కన్నా దొంగ మేలని ఆయన తేల్చేశారు. ఖుర్ఆన్ హదీసు తెలియనివాడిని ఈ మార్గంలో గురువుగా తీసుకోవద్దన్నారు. మన జిల్లాల్లో 'నమాజు మనసులో ఉంటే చాలు బాబూ' అని మురీదులకు చెప్పి, తావీజుకు మాత్రం రొక్కం పుచ్చుకునే పీర్‌సాబులకు జునైద్ పేరు ఎలా నోటికి వస్తుందో అర్థం కాదు.

మన కుర్రవాడు ఇలాంటివాడు కాదు. నమాజు వదలాలని కాదు అతని ప్రశ్న. అందుకే వచ్చే జుమా దాకా ఆగి, అతన్ని మస్జిద్ వెనక వేపచెట్టు కింద కూర్చోబెట్టి మేమే ఒక ప్రశ్న అడిగాం.

"బేటా, మీ అబ్బా పోయి రెండేళ్ళయింది కదా. మీ చెల్లెలికి ఎంత వాటా ఇచ్చారు?"

కాసేపు ఊరుకున్నాడు. "దానికి పెళ్ళిలో పదిహేను తులాలు పెట్టాం హజ్రత్. బండి కూడా ఇచ్చాం. అది కూడా ఏమీ అడగలేదు. నా మనసుకు అన్యాయం అనిపించలేదు."

మనసు సాక్ష్యం ఎంత తేలిగ్గా జేబు పక్షం వహిస్తుందో చూడండి. మేము కాగితం తీసి లెక్క వేశాం. తండ్రిగారి తల్లిదండ్రులు ముందే పోయారు. మిగిలింది భార్య, ఒక కొడుకు, ఒక కూతురు. అప్పులూ వసీయతూ తీసేశాక ఆస్తిని 24 వంతులు చేస్తే తల్లికి ఎనిమిదో వంతు, అంటే 3. మిగిలిన 21లో కొడుకుకు 14, కూతురికి 7. పెళ్ళిలో పెట్టిన బంగారం తండ్రి బతికుండగా ఇచ్చిన కానుక. దానితో ఈ 7 వంతులు చెల్లిపోవు. ఆడపిల్ల నోరు తెరిచి అడగకపోయినంత మాత్రాన హక్కు మాసిపోదు. ఈ వాటాలు ఏ మౌల్వీ కల్పించినవీ కావు, స్వయంగా అల్లాహ్ నిసా సూరాలో నిర్ణయించినవి. కానీ ఆ ఆయతులను మన ఇంటి లెక్కలోకి దించే విద్య ఒకటి ఉంది, దాన్ని నేర్చుకునేవాళ్ళు కొందరు ఉండాలి. జిక్ర్‌లో ఎంత కన్నీరు కార్చినా ఆ 7 అనే అంకె దానంతట అది మనసులో పుట్టదు.

కుర్రవాడు కాగితం చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తలెత్తి, "హజ్రత్, మాకు ఊహ తెలిసినప్పటి నుంచి మీ బయాన్లు వింటున్నాం. వరాసత్ గురించి ఒక్కసారైనా చెప్పారా?" అన్నాడు.

చెప్పలేదు. టోపీ గురించి చెప్పాం, గడ్డం కొలత గురించి చెప్పాం, ప్యాంటు చీలమండ కింద ఉండకూడదని ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. కూతుళ్ళ వాటా గురించి చెప్పలేదు. ఎందుకంటే మొదటి వరసలో కూర్చునే పెద్దమనుషుల్లో చెల్లెళ్ళకు వాటా ఇచ్చినవాళ్ళు మాకు తెలిసి ఒకరిద్దరే. రమజాన్‌లో రసీదు పుస్తకం పట్టుకుని మేము తిరిగేది వాళ్ళ ఇళ్ళకే. అల్ ఖలీల్‌లో గజాలీ చేసిన మొదటి ప్రతిజ్ఞ ఏమిటో అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. మన కాలంలో సుల్తానులు లేరు. చందా ఇచ్చేవాళ్ళు ఉన్నారు.

ఈ సందర్భంలో ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఒక జల్సా పోస్టరులో మా పేరుకు ముందు 'హజ్రత్ మౌలానా' వేయలేదని మేము అలిగి, కడుపు నొప్పి సాకు చెప్పి వెళ్ళలేదు. అప్పటికి గజాలీని రెండుసార్లు చదివి ఉన్నాం.

చదువు పూర్తికాని గురువు

ఇస్లాంలో పురోహిత వర్గం లేదని మనం గర్వంగా చెప్పుకుంటాం. నిజమే. నికాహ్ చదివించడానికి, జనాజా నమాజు చదివించడానికి ఏ దీక్షా అక్కర్లేదు. తండ్రి జనాజా కొడుకే చదివించవచ్చు. అయినా మైయత్‌ను ముంగిట్లో పెట్టుకుని పక్క ఊరి నుంచి మౌల్వీసాబు బస్సు దిగేదాకా ఎదురుచూసే ఊళ్ళు మనకు ఉన్నాయి. కోడిని జబహ్ చేయడానికి కూడా ముల్లా కోసం కబురు పెట్టే ఇళ్ళున్నాయి. నేర్పించడం మా పని. నేర్పించకుండా చేసిపెట్టడం అలవాటు చేశాం. అందులో మాకు కొంత గౌరవమూ కొంత జీవనమూ ఉన్నాయి కనుక ఎవరమూ పెద్దగా బాధపడలేదు.

దీనికి విరుద్ధమైన ఒక దృశ్యం మన దేశ చరిత్రలోనే ఉంది. హాజీ ఇమ్దాదుల్లాహ్ ముహాజిర్ మక్కీ (రహ్మలై) 1817లో ఉత్తరప్రదేశ్ ప్రాంతంలోని నానౌతాలో పుట్టారు. ఫార్సీ చదివారు, అరబీ కొంత చదివారు. మదరసా పాఠ్యక్రమం పూర్తి చేయలేదు. మా లెక్కలో సనద్ లేనివాడు. 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్ళు వెతుకుతుంటే మక్కాకు వలస వెళ్ళి, 1899లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. ఆయన చేతిలో చెయ్యి వేసి బైఅత్ చేసినవాళ్ళు ఎవరు? 1866లో దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్‌కు పునాది వేసినవారిలో ముఖ్యులైన మౌలానా ఖాసిం నానౌతవీ. ఫిఖహ్‌లో తన కాలానికి పెద్ద దిక్కయిన మౌలానా రషీద్ అహ్మద్ గంగోహీ. తర్వాతి తరంలో మౌలానా అష్రఫ్ అలీ థానవీ.

మన తెలుగువాళ్ళకు దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. హైదరాబాద్ జామియా నిజామియాను 1870లలో స్థాపించిన మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ కూడా హిజాజ్ వెళ్ళి ఈ హాజీసాహెబ్ దగ్గరే బైఅత్ చేశారు. ఆరో, ఏడో నిజాములకు చదువు చెప్పిన గురువు ఆయన. అరబీ ప్రాచీన గ్రంథాలను అచ్చువేసిన దాయిరతుల్ మఆరిఫ్ వెనకా ఆయన కృషి ఉంది. అంతటి పండితుడు సనద్ లేని ఒక బీద ముహాజిర్ ముందు మోకాళ్ళు మడిచి కూర్చున్నారు.

మీలాద్, ఫాతిహా, ఉర్సు విషయాల్లో దేవ్‌బంద్ వారికీ జామియా నిజామియా వారికీ ఉన్న భేదాలు పాఠకులకు కొత్తేమీ కాదు. సలాం నిలబడి చదవాలా కూర్చోవాలా అన్న దాని మీద ఒకే వీధిలో రెండు మస్జిద్‌లు లేచిన పట్టణాలు మనకు తెలుసు. ఆ రెండు పక్షాల పెద్దలూ ఒకే గురువు చేతిలో చెయ్యి పెట్టినవారని ఆ వీధుల్లో ఎంతమందికి తెలుసు? హాజీసాహెబ్ ఆఖరి రోజుల్లో తన మురీదుల మధ్య తగాదాలు చూసి, ఏడు వివాదాంశాల మీద 'ఫైస్లా హఫ్త్ మస్లా' అనే చిన్న పుస్తకం వెలువరించారు. వాటిలో కొన్నింటి విషయంలో ఆయన సొంత మురీదు మౌలానా గంగోహీయే ఒప్పుకోలేదు. ఫిఖహ్ మసలాలో పీర్ మాట కన్నా దలీలే ముఖ్యమన్నది ఆయన వైఖరి. అలాగని పీర్‌ను వదిలేయలేదు, పీర్ కూడా ఆయనను వదల్లేదు. పైగా తన వద్దకు వచ్చేవారిని గంగోహీ, నానౌతవీల దగ్గరికి వెళ్ళమని, వాళ్ళను తనకన్నా పైన ఉంచి రాశారు.

మాకు ఇందులో నచ్చేది ఆ ఇద్దరి మధ్య ఉన్న స్పష్టత. ఫత్వా ఎవరిదో ఇద్దరికీ తెలుసు. మనసుకు పట్టిన తుప్పు ఎవరి దగ్గర వదులుతుందో కూడా తెలుసు. ఒకరి పని ఇంకొకరు లాక్కోలేదు. మసలా తెలిసినంత మాత్రాన తన లోపల అహంకారం పోయిందని గంగోహీ అనుకోలేదు. వందలమంది పండితులు కాళ్ళ దగ్గర కూర్చున్నంత మాత్రాన తనకు మసలా తెలుసునని హాజీసాహెబ్ అనుకోలేదు.

అవ్వకు ఇవ్వాల్సిన జవాబు

పల్నాడు నుంచి వచ్చిన మరుసటి ఏడాది మాకు మిష్కాత్ పాఠం అప్పగించారు. ఇబారత్ విద్యార్థి చదువుతాడు, అర్థం మేము చెప్పాలి. నమాజులో ఖిరాఅత్ అధ్యాయం నడుస్తోంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబీ ఔఫా (రజి) చెప్పిన హదీసు వచ్చింది. ఒకాయన దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి, నాకు ఖుర్ఆన్ నుంచి ఏమీ నేర్చుకోవడం చేత కావడం లేదు, దానికి బదులుగా సరిపోయేది ఏదైనా నేర్పండి అని అడిగాడు. ప్రవక్త (స) అతన్ని కసురుకోలేదు. సుబ్‌హానల్లాహ్, అల్‌హందులిల్లాహ్, లా ఇలాహ ఇల్లల్లాహ్, అల్లాహు అక్బర్, లా హౌల వలా ఖువ్వత ఇల్లా బిల్లాహ్ అనే మాటలు నేర్పారు. అతను, ఇవి అల్లాహ్ కోసం అయ్యాయి, మరి నా కోసం ఏమిటి అన్నాడు. తన మీద దయ చూపమని, ఆరోగ్యం, సన్మార్గం, ఉపాధి ఇమ్మని వేడుకునే దుఆ కూడా నేర్పారు. అతను ఆ మాటలను గుప్పిట్లో పట్టుకున్నట్టు చెయ్యి మూసుకుని వెళ్ళాడు. అతను చేతినిండా మేలు పట్టుకెళ్ళాడని ప్రవక్త (స) అన్నారు.

ఈ హదీసు మేము విద్యార్థిగా చదివాం, పరీక్షలో రాశాం. నేర్చుకోలేని స్థితిలో ఉన్నవాడికి ఇది వర్తిస్తుందని, నేర్చుకునే ప్రయత్నం మాత్రం మానకూడదని ఉలమాలు ఇచ్చిన వివరణా తెలుసు. అవ్వ అరుగు పక్కన నిలబడి అడిగిన ప్రశ్న అక్షరాలా ఇదే. ప్రవక్త (స) దాన్ని కరుణతో విన్నారు. మేము దాన్ని పరీక్ష పేపరులా విన్నాం. ఇల్మ్ లేక కాదు ఆ రోజు తప్పు జరిగింది. అలాగని ఇల్మ్ లేకపోతే ఈ హదీసు ఆవిడకు అందే దారీ లేదు.

ఇబారత్ చదివిన కుర్రవాడు మా ముఖం వైపు చూస్తూ అర్థం కోసం ఎదురు చూస్తున్నాడు. ఆ రోజుకు పాఠం చాలించాం.

శబె బరాత్‌కు ముందు రెండు రోజులు సెలవు పెట్టి ఆ ఊరు వెళ్ళాం. ఆ ఐదు మాటలనూ, దుఆనూ పెద్ద తెలుగు అక్షరాల్లో ఒక కాగితం మీద రాసుకెళ్ళాం. అవ్వ నాలుగు నెలల కిందటే పోయిందని వాళ్ళ కోడలు చెప్పింది. మేము వచ్చి వెళ్ళాక నమాజు చేయడం మానేసిందట. మానేసినా, అజాన్ వినపడగానే వజూ చేసుకుని చాప అంచున కూర్చునేదట. మిగతా ఆడవాళ్ళు లేచి వంగుతుంటే చూస్తూ ఉండేదట. "ఎందుకత్తా అంటే, నాది లెక్కలోకి రాదంటగా, మీరు చెయ్యండి అనేది" అంది కోడలు.

మేము కాగితం జేబులో పెట్టుకోబోతుంటే ఆవిడ చెయ్యి చాచింది.

"అదేందో ఇటియ్యండయ్యా. నాకూ సగమే వచ్చు."